75వ నంబరు నల్ల జెర్సీ: ఏడాది వాడిన తరువాత

పిట్స్‌బర్గ్‌లోని స్ట్రిప్ డిస్ట్రిక్ట్‌లో ఒక చిన్న దుకాణంలో, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ తరఫున జో గ్రీన్ తొడిగిన 75వ నంబరు జెర్సీకి నకలుగా తయారైన పాతకాలపు నల్ల జెర్సీని కొని ఏడాది దాటింది కనుక, దాని మంచిచెడ్డలు ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

మొదట మెచ్చుకోవలసినవి అంకెలు. ఆ జట్టు 1997 నుంచి వాలుగా ఉండే అంకెలు వాడుతోంది. గ్రీన్ ఆడిన 1969–1981 కాలంలో అవి నిలువుగా, చెక్కపలకలు కోసి పేర్చినట్టు ఉండేవి. ఈ జెర్సీ మీద ఆ పాత అంకెలనే, అచ్చు వేయకుండా, గుడ్డ కత్తిరించి కుట్టారు. ఇన్ని ఉతుకుల తరువాత కూడా అంచులు లేవలేదు. చంకల దగ్గరి కుట్టు మాత్రం మూడో ఉతుక్కే వదిలింది.

పెన్ హిల్స్ వేంకటేశ్వరాలయం దగ్గర ఒక పెద్దాయన నా వీపు చూసి, "కోకాకోలా ప్రకటనలో పిల్లవాడికి విసిరింది ఇదే కదండీ?" అని పలకరించారు. 1979 నాటి ఆ ప్రకటన ఆయనకు ఇంకా గుర్తుంది. నాకు మాత్రం ఈ నంబరు చూస్తే, ఎదుటి జట్టు ముందు వరుసలో పక్కపక్కనే నిలబడే సెంటర్‌కూ గార్డ్‌కూ నడుమనున్న సందులోకి ఏటవాలుగా వంగి, ఒక్కడే ఇద్దరిని కట్టిపడేసే గ్రీన్ నిలబడే తీరు గుర్తొస్తుంది. 1975 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే ఆ సీజన్ తుది పోరులో, ప్రత్యర్థి వైకింగ్స్ జట్టు బంతి పట్టుకుని పరుగెత్తి సంపాదించినది మొత్తం 17 గజాలే.

జెర్సీతో ఇచ్చిన అట్టముక్క నాలుగు సూపర్ బౌల్ విజయాలు చెప్పి 1981తో ఆగిపోతుంది. నా అసలు అసంతృప్తి ఇదే. 1987లో, ఆటలోని మేటి ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన ఏడాదే, గ్రీన్ స్టీలర్స్‌లోనే తన పాత గురువు చక్ నోల్ దగ్గర డిఫెన్సివ్ లైన్ (రక్షణ ముందు వరుస) కోచ్‌గా చేరి, ఆ తరువాత డాల్ఫిన్స్, కార్డినల్స్ జట్లలో కలిపి 2003 వరకు 17 సీజన్లు ఆ పనే చేశాడు. కోచ్‌కు నంబరు ఉండదు కనుక ఆ సగం జీవితం ఏ దుకాణంలోనూ దొరకదు. గ్రీన్ 75ను స్టీలర్స్ ఇంకెవరికీ ఇవ్వకుండా శాశ్వతంగా పక్కన పెట్టింది; అంతకుముందు అలా పక్కన పెట్టిన ఏకైక నంబరు 70, ఎర్నీ స్టాట్నర్‌ది. గ్రీన్ లాగే అతనూ రక్షణ వరుస మధ్యలో ఆడే డిఫెన్సివ్ టాకిలే, అతనూ కోచ్ అయినవాడే, పైగా డాలస్ కౌబాయ్స్ కోచ్‌గా నిలిచి గ్రీన్ జట్టుతో రెండు సూపర్ బౌల్‌లలో తలపడ్డవాడు.

కొనదలచినవారు ఒక సైజు తక్కువ తీసుకోండి. తొడిగేముందే చంకల దగ్గర దర్జీ చేత మరో కుట్టు వేయించుకోండి.