ఫ్రీ హోస్టింగ్, ఫ్రీ డేటాబేస్, వాటితో వచ్చే స్పామ్: చాలాకాలం వాడాక

మా ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి బట్టల దుకాణం స్టాకు పేజీకో, గుణుపురం ట్యూషన్ పిల్లల ప్రశ్నల బోర్డుకో నెలనెలా అద్దె కట్టమంటే ఎవరూ కట్టరు. అందుకే ఫ్రీ ప్లాన్. ఇక్కడ చెప్పేది పైతాన్ యాప్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, వ్యాఖ్యల ఫారం కలిపి నడిపే అలాంటి ఒక ప్లాన్ గురించి.

15 నిమిషాలు ఎవరూ రాకపోతే యాప్ నిద్రపోతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు పేజీ తెరుచుకోవడానికి ఒక్కోసారి నిమిషం పడుతుంది. బరంపురంలో వైఫై మీద చూసేవాళ్లు ఆగుతారేమో గానీ, మోహన వైపు కొండల్లో ఒక్క గీత సిగ్నల్‌తో చూసేవాళ్లు సైటు పోయిందనుకుని మూసేస్తారు.

పది నిమిషాలకోసారి పింగ్ (దానంతటదే వెళ్లే చిన్న పలకరింపు) కొట్టి లేపి ఉంచమని అందరూ ఇచ్చే సలహా. ముందు లెక్క చూసుకోండి. యాప్‌లన్నిటికీ కలిపి నెలకు 750 గంటలు ఉచితం, 31 రోజుల నెలలో ఉన్నవి 744. ఒక్క యాప్‌కి సరిపోతుంది. రెండు యాప్‌లను రాత్రింబవళ్లు లేపి ఉంచితే 16వ తేదీకి రెండూ ఆగిపోతాయి. పగలు మాత్రమే పింగ్ పెట్టుకోవాలి. చెప్పిన వేళకు పని నడిపే క్రాన్ ఇలాంటి సర్వీసుల్లో మామూలుగా యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే సమయం) నడుస్తుంది కాబట్టి గంటల గడిలో 3-13 అని రాస్తే మనకు ఉదయం ఎనిమిదిన్నర నుంచి రాత్రి ఏడు దాటేవరకు. అప్పుడు రెండు యాప్‌లకూ కలిపి నెలకు 690 గంటల లోపే. గిట్‌హబ్ యాక్షన్స్‌తో (కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో వేళకు పనులు నడిపే సదుపాయం) పింగ్ పెడితే, పబ్లిక్ రిపోలో (అందరికీ కనిపించే కోడ్ ఫోల్డర్) 60 రోజులు ఏ మార్పూ లేకపోతే ఆ షెడ్యూల్ దానంతటదే ఆగిపోతుంది.

ఇంత లెక్కనూ తలకిందులు చేసేవి బాట్‌లు, అంటే మనుషుల్లా ఫారాలు నింపే ప్రోగ్రాములు. అర్ధరాత్రి ఒక బాట్ వచ్చి ఫారం కొడితే యాప్ లేస్తుంది, కనీసం పావుగంట ఖర్చు. మనుషుల కోసం నిద్రలేవడానికి బద్ధకించే సర్వర్ వీటికి మాత్రం ఠంచనుగా కాపలా కాస్తుంది! ఫారం వచ్చినప్పుడల్లా మెయిల్ పంపే ఫ్రీ సర్వీసు పెట్టుకుంటే, దానికుండే 50 మెయిళ్ల నెలవారీ కోటా ఒక్క రాత్రి స్పామ్‌కే చాలదు.

స్పామ్‌కు బాగా పనిచేసింది ఉచ్చు గడి. ఫారంలో మనుషులకు కనిపించని ఒక గడి పెట్టి, అది నిండి వస్తే పారేయడమే. దాని టైపును 'హిడెన్' అని ఇవ్వకండి, చాలా బాట్‌లు అలాంటివి ముట్టుకోవు. సీఎస్‌ఎస్‌తో తెర బయటికి నెట్టండి. పేరు 'ఫోన్' అని పెడితే బ్రౌజర్ ఆటోఫిల్ నింపేసి అసలు మనిషి వ్యాఖ్య పోతుంది, ఆ పేరు వద్దు. స్క్రీన్ రీడర్‌కూ, ట్యాబ్ కీకీ అది తగలకుండా చూడండి. పేజీ తెరిచిన మూడు సెకన్లలోపు వచ్చిన ఫారాన్నీ తీసేయవచ్చు. లింకు ఉన్న వ్యాఖ్య నేరుగా కనిపించకుండా ఆమోదం కోసం ఆగాలి.

తెలుగు అక్షరాలుంటేనే అనుమతించే ఫిల్టర్ మా వైపు పనికిరాదు. ఇక్కడ సగంమంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, కొందరు ఒడియా లిపిలో రాస్తారు. ఐపీ (ఇంటర్నెట్‌లో కనెక్షన్ చిరునామా) నిషేధం ఇంకా ప్రమాదం. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీ వెనక చాలామంది ఉంటారు, బాట్‌తో పాటు పాతపట్నం గిరాకీ కూడా బయటే నిలబడతాడు.

డేటాబేస్‌కు 30 రోజుల గడువు, దాటితే తుడిచేస్తారు. పోస్ట్‌గ్రెస్ సొంత సాధనం పీజీ‌డంప్‌తో వారానికోసారి కాపీ తీయండి. సర్వర్ వెర్షన్ కంటే మీ పీజీ‌డంప్ పాతదైతే అది పని ఆపేస్తుంది, స్క్రిప్టు మాత్రం ఖాళీ ఫైలు మిగిల్చి వెళ్లవచ్చు. ఫైలు సైజు చూడండి. అప్‌లోడ్ చేసిన ఫోటోలు, ఎస్‌క్యూలైట్ (ఒక్క ఫైలులో ఉండే చిన్న డేటాబేస్) ఫైలు యాప్ తిరిగి లేచినప్పుడు ఉండవు. మెయిల్ వెళ్లే దారులైన 25, 465, 587 పోర్టులు మూసే ఉంటాయి, మెయిల్ పంపాలంటే మెయిల్ సర్వీసు ఇచ్చే హెచ్‌టీటీపీ ఏపీఐ (వెబ్ దారిలో పంపే పద్ధతి) వాడాల్సిందే.

చివరికి నిలిచిన అమరిక: చదివే పేజీలన్నీ స్టాటిక్ హోస్టింగ్‌లో, అంటే యాప్ నడపకుండా తయారు ఫైళ్లనే చూపించే చోట. గిట్‌హబ్ పేజెస్‌లో సైటు 1 జీబీ దాటకూడదు, నిద్ర గొడవ లేదు. వ్యాఖ్య పంపినప్పుడే యాప్ లేవాలి. ఫారం చేరాల్సిన చిరునామా హెచ్‌టీఎంఎల్‌లో ఉంచకుండా జావాస్క్రిప్ట్‌లో పెడితే మొద్దు బాట్‌లు చాలా తగ్గుతాయి, పింగ్‌తో పనే ఉండదు.

డొమైన్ (సైటు పేరు) మాత్రం డబ్బు పెట్టి కొనండి. హెరోకు అనే హోస్టింగ్ సంస్థ 2022 నవంబర్ 28న ఫ్రీ ప్లాన్ ఎత్తేసింది, ఫ్రీనామ్ 2023లో కొత్త ఉచిత డొమైన్లు ఆపేసింది. పేరు మన చేతిలో ఉంటే డీఎన్‌ఎస్ (పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే అమరిక) మార్చుకుని ఇంకోచోటికి వెళ్లవచ్చు. స్టాకు పేజీకీ, ప్రశ్నల బోర్డుకీ ఈ ప్లాన్ చాలు. ఫీజుల లెక్కలు మాత్రం ఇందులో పెట్టకండి.