తాకిన తరువాత ఏమవుతుంది? ఆసియా గే ప్రేమకథల సీరియళ్ళలో ఏది మేలు

థాయ్‌లాండ్, జపాన్, కొరియా, చైనా దేశాల నుంచి వచ్చే గే ప్రేమకథల సీరియళ్ళను, అభిమానులు పొట్టిగా బీఎల్ (బాయ్స్ లవ్) అని పిలుచుకునే వాటిని, సబ్‌టైటిళ్ళు చదువుకుంటూ చూసే తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి. కొత్తగా చూడటం మొదలుపెట్టినవారు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ సీరియల్లో ఆ ఇద్దరి సాన్నిహిత్యం నిజమనిపిస్తుంది, ఎక్కడ నటన బాగుంటుంది? చాలామంది ఈ ప్రశ్నకు ముద్దుల లెక్కతో జవాబు చెబుతారు. థాయ్ వాళ్ళు ధైర్యంగా చూపిస్తారు, జపాన్ వాళ్ళు తలుపు వేసేస్తారు, చైనాలో చూపించనివ్వరు అన్న తీర్పు అలా పుట్టిందే. ఆ తీర్పులో అబద్ధం లేదు గాని, నటన గురించి అది ఏమీ చెప్పదు.

నాకు పనికివచ్చిన కొలత మన నాట్యశాస్త్ర సంప్రదాయంలోనే ఉంది. చేయి ఎత్తడం, తల తిప్పడం ఆంగికం. మాట పలకడం వాచికం. ఈ రెండూ నటుడు అనుకుంటే చేయగలిగినవి. చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు పూడుకుపోవడం, వణకడం, ముఖం పాలిపోవడం, కన్నీరు రావడం, స్తంభించిపోవడం, స్పృహ తప్పడం అనే ఎనిమిది సాత్త్విక భావాలు మాత్రం మనసు నిజంగా కదిలితే తప్ప శరీరం మీదికి రావు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు తాకే దృశ్యంలో పెదవులు కలిశాయా లేదా అన్నది ఆంగికం. కలవడానికి ముందు గొంతు ఎలా మారింది, కలిశాక ముఖంలో ఏం మిగిలింది అన్నది సాత్త్వికం. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా రంగస్థలం మీదికి వచ్చినప్పుడు ఆ వేషం కట్టింది పురుషుడని ప్రేక్షకులందరికీ తెలుసు. అయినా ఆ విరహాన్ని వాళ్ళు నమ్మారు. అక్కడ పాత్ర స్త్రీది కనుక ఆ పోలిక ఇక్కడ పూర్తిగా కుదరదు. నటుడి శరీరం నిజం పలికితే చూసేవాడి మనసులోని అడ్డుగోడలు వాటంతట అవే తొలగుతాయన్నంత వరకు మాత్రం కుదురుతుంది.

పోల్చి చూడటానికి అన్నిటికంటే అనువైనది ఒకే కథను రెండు దేశాలు తీసిన సందర్భం. చెర్రీ మ్యాజిక్ అలాంటిది. టొయోటా యూ గీసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) ఆధారంగా టీవీ టోక్యో దీన్ని 2020 చివరి నెలల్లో 12 భాగాలుగా ప్రసారం చేసింది. అదే కథను థాయ్‌లాండ్‌లో జీఎంఎంటీవీ సంస్థ 2023 డిసెంబరులో మొదలుపెట్టి 2024లో ముగించింది. 30 ఏళ్ళు నిండేదాకా ఎవరితోనూ శారీరక సంబంధం లేని ఒక ఆఫీసు ఉద్యోగికి, తాకితే చాలు ఎదుటివారి మనసులోని మాట వినిపించే శక్తి వస్తుంది. కిక్కిరిసిన లిఫ్టులో ఒళ్ళు తగిలినప్పుడు, ఆఫీసంతా మెచ్చుకునే సహోద్యోగి తననే ప్రేమిస్తున్నాడని అతనికి తెలుస్తుంది. స్పర్శే కథను నడిపించే ఇలాంటి చోట నటుడు ఒక్క తాకిడిని కూడా యథాలాపంగా చేయడానికి వీల్లేదు.

జపాన్ కూర్పులో ఆ సహోద్యోగి కురొసావాగా నటించిన మచిదా కెయితా చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అతని ముఖం ఒకటి చెబుతుంది, వెనక నుంచి వినిపించే అతని మనసు గొంతు మరొకటి చెబుతుంది. ఆ రెండింటి మధ్య దూరం భాగం భాగానికీ తగ్గుతూ రావడమే ఆ కథ. మూడో భాగంలో ఆఫీసు విందులో ఆట పేరుతో, మనసులు వినగల ఆ ఉద్యోగి అడాచిని ముద్దు పెట్టుకోవలసి వచ్చినప్పుడు, అతని భయాన్ని గమనించిన కురొసావా పెదవుల దాకా వెళ్ళకుండా నుదుటిని మాత్రం తాకి వెనక్కి తగ్గుతాడు. కోరిక, గౌరవం, ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనన్న బెంగ, మూడూ కలిసి ఆ ఒక్క క్షణంలో కనిపిస్తాయి. అడాచిగా చేసిన అకసో ఎయిజి కూడా తక్కువవాడు కాదు. తనను ఎవరూ ప్రేమించరని నమ్మి బతికిన మనిషి, ప్రేమించబడుతున్నానని తెలిసినప్పుడు పడే కంగారును అతను నవ్వులాట చేయకుండా నిలబెట్టాడు.

ఇంత బాగా పేర్చుకుంటూ వచ్చిన సీరియల్ చివరి భాగంలో లిఫ్టు తలుపులు మూసుకుంటాయి, ముద్దు ఆ తలుపుల వెనక ఉండిపోతుంది. లిఫ్టులో మొదలైన కథ లిఫ్టులోనే ముగియడం అందమైన కూర్పేనని సమర్థించేవారు ఉన్నారు. ఆ వాదన నన్ను ఒప్పించలేకపోయింది. 12 భాగాలుగా స్పర్శకు భయపడిన మనిషి ఆ భయాన్ని దాటే క్షణమే అది. నటుడి ముఖం మనకు అత్యవసరమైన చోట కెమెరాకు తలుపు అడ్డం పెట్టడాన్ని సంయమనం అనలేం. స్త్రీ పురుషుల ప్రేమకథలో ఇదే తలుపు ఇలాగే మూసుకునేదా అని అడిగి చూస్తే, నాకు దొరికే జవాబు ఆ సమర్థనకు అనుకూలంగా లేదు.

థాయ్ కూర్పు ముద్దును దాచలేదు. టే తవన్, న్యూ తితిపూమ్ జంట తెర మీద ఒకరి పక్కన ఒకరు తేలికగా ఉంటారు, చేతులు ఎక్కడ ఉంచాలో వెతుక్కోరు. వాళ్ళిద్దరూ 2016లో వచ్చిన కిస్ సీరియల్ నుంచి జంటగా నటిస్తున్నారు, 2019లో డార్క్ బ్లూ కిస్‌లో కథానాయకులుగా చేశారు. థాయ్ నిర్మాణ సంస్థలు ఒకసారి ప్రేక్షకులు మెచ్చిన జంటను విడదీయకుండా సీరియల్ వెంట సీరియల్ చేయిస్తాయి, అభిమానుల సభలకూ ప్రకటనలకూ కలిపే పంపుతాయి. ఆ పద్ధతిలో లాభం ఉంది: ఇద్దరి మధ్య సిగ్గు పోతుంది, శరీరాలకు ఒకదాని లయ మరొకదానికి తెలుస్తుంది. నష్టం కూడా అక్కడే ఉంది. ఏడేళ్ళ చనువు ఉన్న నటుడు మొదటిసారి తాకుతున్న మనిషి గుండెదడను పలికించాలి, చెర్రీ మ్యాజిక్‌కు ప్రాణం ఆ మొదటిసారి దడలోనే ఉంది. అడాచి స్థానంలోని పాత్రను న్యూ ఎంత శ్రద్ధగా నటించినా, ఆ భయం నాకు అకసో దగ్గర అందినంతగా ఇక్కడ అందలేదు. కాబట్టి ఈ రెండింటిలో తాకే ముందరి నటనకు జపాన్ కూర్పును, తాకిన తరువాతి నిజాయితీకి థాయ్ కూర్పును ఎంచుకుంటాను. ఒకటే చూడగలనంటే జపాన్‌దే చూడమంటాను, ఆ తలుపు మీద కోపం ఉంచుకునే.

తాకిన తరువాత అన్నది నాకు క్రమంగా అసలు పరీక్ష అయింది. చాలా సీరియళ్ళు ముద్దును చివరి బహుమానంగా దాచుకుంటాయి, అది దక్కగానే కథ ముగుస్తుంది. 2022లో వాచా అనే ఓటీటీ వేదిక మీద వచ్చిన కొరియా సీరియల్ సెమాంటిక్ ఎర్రర్ వంటివి 8 చిన్న భాగాల్లోనే అంతా చెప్పవలసి రావడంతో, కలిసిన తరువాతి జీవితానికి వాటిలో చోటు దొరకదు. పార్క్ జేచాన్ ఆ బిగుసుకున్న కంప్యూటర్ సైన్స్ విద్యార్థిని చక్కగా పట్టుకున్నాడు. మరికొంత నిడివి ఇచ్చి ఉంటే ఇంకేం చేసేవాడో అనిపిస్తుంది.

జీఎంఎంటీవీ 2021 అక్టోబరులో మొదలుపెట్టిన బ్యాడ్ బడీ ఇందుకు విరుద్ధంగా నడుస్తుంది. నొప్పర్నచ్ చైవిమోల్ దర్శకత్వంలో వచ్చిన ఈ 12 భాగాల సీరియల్లో మేడ మీద మొదటి ముద్దు ఐదో భాగంలోనే వస్తుంది. పక్కపక్క ఇళ్ళలో ఉంటూ పాత పగను మోసే రెండు కుటుంబాల కొడుకులు, ఒకే విశ్వవిద్యాలయంలో చదువుకునే పాట్, ప్రాన్. ముద్దు తరువాత ప్రాన్ అక్కడ నిలవకుండా వెళ్ళిపోతాడు. ఆ వెళ్ళిపోవడంలో నానన్ కొరపత్ ముఖాన్ని చూడాలి: ఎన్నో ఏళ్ళుగా అణచుకున్నది బయటపడిపోయినందుకు కలిగే సంతోషమూ, ఇక దాచుకునే వీలు లేదన్న భయమూ ఒకేసారి అక్కడ ఉంటాయి. ఎనిమిది సాత్త్విక భావాల్లో రెండు మూడు ఒకదాని మీద ఒకటి కమ్ముకున్న దృశ్యమది. దాని తరువాత ఇంకా ఏడు భాగాలున్నాయి. అలగడం, పందాలు కాయడం, ఒకరి గదిలో ఒకరు పడి నిద్రపోవడం, పాట్ చిన్నప్పటి నుంచి వదలని పాత బొమ్మ గురించి వాదులాడుకోవడం, ఇంట్లోవాళ్ళ కంట పడకుండా తిరగడం. ఓమ్ పవత్, నానన్ ఆ రోజువారీ చనువును నటిస్తున్నట్టు కనిపించరు.

థాయ్ వాళ్ళకు పెదవుల ముద్దు కాక మరొకటి ఉంది, హోమ్ అంటారు. చెంపకు ముక్కు ఆనించి వాసన పీల్చడం. మన కావ్యాల్లో పెద్దలు పిల్లల శిరస్సును ఆఘ్రాణించి ఆశీర్వదించడం చదివినవారికి ఈ ప్రేమ భాష పరాయిదనిపించదు. పాశ్చాత్య చిత్రాల కొలతతో ముద్దులు లెక్కించేవారు దీన్ని లెక్కలోకే తీసుకోరు గాని, నా దృష్టిలో థాయ్ నటుల శరీరాలు అత్యంత సహజంగా ఉండేది ఆ క్షణాల్లోనే.

ధైర్యం సంగతి వచ్చినప్పుడు అందరూ చూపించేది 2022 నాటి కిన్‌పోర్ష్. మాఫియా వారసుడు, అతనికి అంగరక్షకుడిగా వచ్చిన బార్ ఉద్యోగి, 14 భాగాలు, టీవీకి ఒక కూర్పు, ఐచియీ అనే ఓటీటీ వేదికకు కత్తిరించని కూర్పు. మైల్ ఫక్‌ఫూమ్, అపో నత్తవిన్ శృంగార దృశ్యాల్లో చూపిన పరస్పర నమ్మకం అప్పటిదాకా థాయ్ బీఎల్‌లో అరుదు. కాని వాళ్ళ తొలి కలయిక ఆ అంగరక్షకుడు పోర్ష్‌కు మత్తు ఎక్కించిన స్థితిలో జరుగుతుంది. అది సమ్మతి కాదు, దాన్ని ప్రేమ మెట్టుగా వాడుకోవడం ఆ సీరియల్‌కు ఉన్న పెద్ద లోపమని నా అభిప్రాయం. పేరు మోసిన పడకగది దృశ్యాల కంటే, ఒకే బేడీలో ఇద్దరి చేతులూ చిక్కుకుని అడవిలో దారి తప్పి తిరిగే భాగంలోనే వాళ్ళు నాకు నిజంగా దగ్గరైనవారిలా కనిపించారు. హోదా పోయి, ఆకలి మిగిలి, నవ్వు పుట్టే చోట. రెండో జంట విషయమూ అంతే. వేగస్‌గా బైబిల్ విచపస్, బందీ పీట్‌గా బిల్డ్ జకపన్ చేసిన హింసాత్మక దృశ్యాల గురించి ఎంతో చర్చ జరిగింది. నాకు గుర్తుండిపోయింది, పెంచుకున్న చిన్న ముళ్ళ ప్రాణి చనిపోయినప్పుడు వేగస్ పసివాడిలా ఏడ్చే దృశ్యం, ఆ ఏడుపును చూస్తున్న పీట్ కళ్ళలో ద్వేషం సడలిపోయే తీరు. ఆ తరువాత వాళ్ళు ఒకరినొకరు తాకితే నమ్మబుద్ధయింది ఆ కన్నీటి వల్లనే.

రెండో కొసన చైనా ఉంది. అక్కడ 2016లో అడిక్టెడ్ సీరియల్‌ను మధ్యలోనే తొలగించాక, గే నవలల ఆధారంగా తీసినవన్నీ ప్రేమను స్నేహమనే ముసుగులో చెప్పవలసి వచ్చింది. 2019లో వచ్చిన 50 భాగాల ది అన్‌టేమ్డ్ అలాంటిదే. లాన్ వంశంవాళ్ళు నుదుటికి కట్టుకునే పట్టీని అతి దగ్గరివారు తప్ప తాకకూడదు. ఆ పట్టీతో లాన్ వాంగ్‌జీ తన చేతిని వెయ్ వూషియాన్ చేతికి కలిపి కట్టే దృశ్యం మంగళసూత్రం అర్థం తెలిసిన మనకు వేరే వివరణ లేకుండానే అందుతుంది. లాన్ వాంగ్‌జీగా వాంగ్ యీబో కదలని ముఖంతో, కేవలం చూపు నిలిపే వ్యవధిని పెంచుతూ తగ్గిస్తూ 16 ఏళ్ళ ఎదురుచూపును పలికించాడు. అయితే తెర మీది గొంతు అతనిది కాదు, డబ్బింగ్ కళాకారుడిది. తెర మీద ఒకరు, వెనక ఒకరు ఉండే పద్ధతి తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు గనుక మనం సులభంగా సర్దుకుంటాం, కాని స్వరభంగం, అంటే గొంతు పూడుకుపోవడం అనే సాత్త్విక భావం అప్పుడు ఎవరి ఖాతాలో వేయాలో చెప్పలేం. ఈ సీరియల్‌ను నేను ప్రేమిస్తాను. దాని నిగ్రహాన్ని ఆదర్శంగా చూపించేవారితో మాత్రం ఏకీభవించను. ఆ మౌనాన్ని నటులు ఎంచుకోలేదు, దాన్ని వాళ్ళ మీద రుద్దారు. 2021 సెప్టెంబరులో ప్రభుత్వం పెట్టిన ఆంక్షల తరువాత ఆ ముసుగు కథలకు కూడా దారి మూసుకుపోయింది.

స్వేచ్ఛగా ఎంచుకున్న మితం ఎలా ఉంటుందో చూడాలంటే మళ్ళీ జపాన్‌కే వెళ్ళాలి. యోషినాగా ఫుమి మాంగా ఆధారంగా టీవీ టోక్యో 2019లో ప్రసారం చేసిన వాట్ డిడ్ యు ఈట్ యెస్టర్‌డే నలభై దాటిన ఇద్దరు పురుషుల కాపురం. లాయరు షిరో నెలకు 25,000 యెన్‌లలో వంట ఖర్చు సర్దుతాడు, క్షౌరశాలలో పనిచేసే కెంజి తిని మెచ్చుకుంటాడు. కెమెరా ఎక్కువగా వంటింట్లోనే ఉంటుంది. నిషిజిమా హిదెతొషి కూరగాయలు తరిగే చేతుల్లో, ఉచినో సెయియో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకోవడంలో ఎన్నో ఏళ్ళ దాంపత్యం తెలుస్తుంది. ఇక్కడ ముద్దు లేదని నాకు ఏ వెలితీ అనిపించలేదు, ఎందుకంటే ఈ కథ అడుగుతున్నది దాన్ని కాదు. దీనికి పక్కన పెట్టి చూడవలసింది 2023లో జపాన్‌లో విడుదలైన ఈగోయిస్ట్ చిత్రం. దానిలో శృంగార దృశ్యాలు దాపరికం లేకుండా ఉంటాయి, వాటిని కూర్చడానికి ప్రత్యేకంగా ఒక నిపుణుడిని పెట్టుకున్నారు. సుజుకి ర్యోహెయి, మియజావా హియో ఆ దృశ్యాల్లో ఒకరి శరీరాన్ని ఒకరు నేర్చుకుంటున్నట్టు ఉంటారు. అందువల్లనే కథ మధ్యలో ఒకరు మరణించినప్పుడు మిగిలినవాడి ఖాళీ చేతులు అంత బరువుగా కనిపిస్తాయి.

కాబట్టి నన్ను ఒక వరుస చెప్పమంటే, మొదటిసారి చూసేవారికి బ్యాడ్ బడీ ఇస్తాను. నటన మీదే దృష్టి ఉన్నవారికి జపాన్ చెర్రీ మ్యాజిక్, ఆ తరువాత వెంటనే థాయ్‌ది, తేడా స్వయంగా తెలుసుకోవడానికి. కిన్‌పోర్ష్‌ను సమ్మతి విషయంలో హెచ్చరించి మాత్రమే ఇస్తాను. అన్నిటికంటే పైన వంటింటి కాపురాన్ని పెడతాను. దాని చివరి భాగంలో కొత్త సంవత్సరానికి షిరో తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళి వస్తూ, ప్రేమించినవాడి ఇంటివాళ్ళను కలుస్తానని కలలో కూడా అనుకోలేదంటూ కెంజి దారిలో ఏడుస్తాడు. అక్కడ ఉచినో గొంతు ఒక్కసారి విరుగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది.