స్టార్ దారా, డిట్కా దారా? పెద్ద ఆటగాడు కోచ్ కావాలంటే ఏది మేలు

1983 డిసెంబర్ 18న చికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌ స్టేడియంలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు గ్రీన్ బే ప్యాకర్స్, చికాగో బేర్స్ తలపడ్డాయి. గెలిస్తే ప్యాకర్స్‌కు ప్లేఆఫ్స్‌లో చోటు ఖాయం. బేర్స్ కిక్కర్ బాబ్ థామస్ ఆఖరి క్షణాల్లో ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) కొట్టడంతో 23-21 తేడాతో మ్యాచ్ చేజారింది. మర్నాడే ప్యాకర్స్ హెడ్ కోచ్ బార్ట్ స్టార్‌ను తీసేశారు. అవతలి కోచ్ మైక్ డిట్కా మరో రెండేళ్లకు లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ కొట్టాడు. ఇద్దరూ ఆటగాళ్లుగా తమకు పేరు తెచ్చిన జట్టుకే కోచ్‌గా తిరిగొచ్చారు. ఆ కుర్చీ దాకా వచ్చిన దారులే వేరు.

ఆట వరకే చూస్తే స్టార్‌దే పైచేయి, నాకైతే అందులో అనుమానం లేదు. 1956 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, 17వ రౌండ్‌లో ఎవరూ పట్టించుకోని దశలో ఎంపికైన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఎటాక్ నడిపే ఆటగాడు) అతను. విన్స్ లాంబార్డీ కోచింగ్‌లో అయిదు లీగ్ టైటిళ్లు గెలిచాడు. మొదటి రెండు సూపర్ బౌల్స్‌లోనూ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అతనే. 1967 డిసెంబర్ 31న సున్నాకు పాతిక డిగ్రీల దిగువన ఉన్న చలిలో డాలస్ మీద ఆడిన ‘ఐస్ బౌల్’లో, చివరి సెకన్లలో తానే బంతి పట్టుకుని గోల్ లైన్ దాటేశాడు. డిట్కా కూడా తక్కువవాడేం కాదు. 1961లో బేర్స్‌కు తొలి సీజన్‌లోనే 56 క్యాచ్‌లు, 1,076 గజాలు. తాను ఆడే టైట్ ఎండ్ స్థానం అంటే ప్రత్యర్థులను అడ్డుకోవడమే కాదు, బంతి పట్టి పరిగెత్తాలి కూడా అని చూపించాడు. 1963లో టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నాడు.

కోచింగ్ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. 1975లో హెడ్ కోచ్ అయ్యేనాటికి స్టార్‌కు ఉన్న కోచింగ్ అనుభవం ఒక్క సీజన్, 1972లో క్వార్టర్‌బ్యాక్‌ల కోచ్‌గా. తర్వాత టీవీ కామెంటరీ చేశాడు. డిట్కా అలా కాదు. ఆట చివరి రోజుల్లో డాలస్‌కు వెళ్లి, అక్కడే హెడ్ కోచ్ టామ్ లాండ్రీ దగ్గర 1973 నుంచి 1981 దాకా తొమ్మిది సీజన్లు అసిస్టెంట్‌గా పనిచేశాడు. బేర్స్ యజమాని జార్జ్ హాలస్‌కు ఉత్తరం రాసి మరీ ఉద్యోగం అడిగాడు. 1982లో దొరికింది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో క్రికెట్ చూసే మనకు వెంటనే తట్టదు. అక్కడ బౌలర్‌ను ఎప్పుడు మార్చాలో కెప్టెన్ చూసుకుంటాడు, కోచ్ బాల్కనీలో కూర్చుంటాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇప్పుడు దాదాపు ప్రతి ప్లే (ఒక్కో ఎత్తు) సైడ్‌లైన్ మీద ఉన్న కోచింగ్ బృందం నిర్ణయమే. స్టార్ ఆడిన కాలంలో ప్లేలు క్వార్టర్‌బ్యాకే ఎంచుకునేవాడు కాబట్టి ఎటాక్ అతనికి కొట్టిన పిండి. డిఫెన్స్‌ను నిలబెట్టడం, అసిస్టెంట్లను ఎంచుకోవడం, నలభై మందికి పైగా ఆటగాళ్లను నడపడం వేరే పని. 1983 ప్యాకర్స్‌ను చూస్తే ఇది తెలిసిపోతుంది. ఆ సీజన్‌లో 429 పాయింట్లు చేశారు, 439 ఇచ్చుకున్నారు. అక్టోబర్‌లో అప్పటి ఛాంపియన్ వాషింగ్టన్‌ను 48-47తో ఓడించిన మ్యాచ్ చూడ్డానికి పండగే, కానీ 47 ఇచ్చిన డిఫెన్స్‌తో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? తొమ్మిది సీజన్లలో స్టార్ రికార్డు 52 గెలుపులు, 76 ఓటములు, 3 టైలు. ప్లేఆఫ్స్‌కు వెళ్లింది ఒక్కసారే, అదీ సమ్మె వల్ల కుదించిన 1982 సీజన్‌లో.

అయితే తప్పంతా అతని మీద వేయడం అన్యాయం. అంతకుముందు కోచ్ డాన్ డివైన్ 1974లో వయసు మళ్లిన క్వార్టర్‌బ్యాక్ జాన్ హాడల్ కోసం అయిదు డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అవకాశాలు) ఇచ్చేశాడు. అందులో రెండు మొదటి రౌండ్‌వి, రెండు రెండో రౌండ్‌వి. కొత్త కోచ్‌కు కొత్త రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా 1980 దాకా ఆటగాళ్లను తెచ్చుకునే జనరల్ మేనేజర్ పని కూడా స్టార్ నెత్తినే ఉంది.

డిట్కాకు మాత్రం వడ్డించిన విస్తరి దొరికింది. వాల్టర్ పేటన్, డాన్ హాంప్టన్, మైక్ సింగిల్టరీ, వీళ్లంతా జనరల్ మేనేజర్ జిమ్ ఫింక్స్ హయాంలో ముందే వచ్చి ఉన్నారు. డిఫెన్స్ బడ్డీ ర్యాన్ చేతిలో ఉంది, హాలస్ అతన్ని కదలనివ్వలేదు. డిట్కాకు, ర్యాన్‌కు క్షణం పడేది కాదు. 1985 సీజన్‌లో 15 గెలిచి ఒక్కటి ఓడారు. సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్‌ను 46-10తో చిత్తు చేశాక ఆటగాళ్లు డిట్కాతో పాటు ర్యాన్‌ను కూడా భుజాల మీద మోశారు. ఆ గెలుపులో ఎవరి వాటా ఎంతో ఆటగాళ్లకు తెలుసు. అలాగని డిట్కాది ఉత్త అదృష్టం అనలేం. ర్యాన్ వెళ్లిపోయిన 1986లోనూ బేర్స్ 14 గెలిచారు. బేర్స్ కోచ్‌గా మొత్తం 106 గెలుపులు, 62 ఓటములు.

అదే మనిషి 1997లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌కు వెళ్లి మూడేళ్లలో 15 గెలిచి 33 ఓడాడు. 1999లో రిక్కీ విలియమ్స్ అనే కొత్త ఆటగాడు ఒక్కడి కోసం ఆ ఏడాది చేతిలో ఉన్న పిక్‌లన్నీ, మరుసటి ఏడాది మొదటి, మూడో రౌండ్ పిక్‌లనూ ధారపోశాడు. డివైన్ చేసిన పనే ఇంకా పెద్ద ఎత్తున చేశాడన్నమాట.

ఇంతకీ ఏది మేలు? డిట్కా దారే. టామ్ ఫ్లోరెస్‌దీ అదే కథ. కాన్సస్ సిటీలో బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్, రైడర్స్‌లో అసిస్టెంట్, ఆ తర్వాత హెడ్ కోచ్‌గా రెండు సూపర్ బౌల్స్. ఇద్దరూ ఆటగాడిగా, అసిస్టెంట్‌గా, హెడ్ కోచ్‌గా మూడు పాత్రల్లోనూ సూపర్ బౌల్ గెలిచారు. కాబట్టి జట్టు యజమాని నన్ను అడిగితే, అభిమానుల చప్పట్ల కోసం పాత హీరోను నేరుగా కుర్చీలో కూర్చోబెట్టొద్దంటాను. కానీ పిక్‌లు లేని జట్టుకు అనుభవం ఒక్కటే మందు అని మాత్రం చెప్పను. స్టార్‌ను పంపాక ప్యాకర్స్ తెచ్చుకున్న ఫారెస్ట్ గ్రెగ్ కూడా లాంబార్డీ జట్టు వాడే. అప్పటికే క్లీవ్‌లాండ్‌లో కోచింగ్ చేసి, సిన్సినాటిని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లి వచ్చాడు. గ్రీన్ బేలో నాలుగు సీజన్లలో 25 గెలిచాడు, 37 ఓడాడు, ఒకటి టై. గెలుపు శాతం లెక్కేస్తే స్టార్ కంటే వెంట్రుకవాసి తక్కువే.