ప్లే స్టోర్‌కు పర్సనల్ అకౌంటా, ఆర్గనైజేషన్ అకౌంటా: ఏది మేలు?

ప్లే స్టోర్‌లో యాప్ పెట్టాలంటే డెవలపర్ అకౌంట్ కావాలి. దాన్ని సొంత పేరుతో (పర్సనల్) తెరవాలా, సంస్థ పేరుతో (ఆర్గనైజేషన్) తెరవాలా అన్నదే మొదటి యాప్ సిద్ధం చేసుకున్నవాళ్లు ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది. అందుకు కారణం గూగుల్ పెట్టిన ఒక నిబంధన. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్ అయితే, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్‌లో, అంటే మీరు ఎంచుకున్నవాళ్లు మాత్రమే యాప్‌ను వాడి చూసే దశలో ఉండాలి. ఆర్గనైజేషన్ అకౌంట్‌కు ఈ బాధ లేదు. దాంతో చాలామంది చూపు అటు పోతోంది.

ఫీజు రెండింటికీ ఒకటే, ఒక్కసారి కట్టే 25 డాలర్లు. కానీ ఆర్గనైజేషన్ అకౌంట్‌కు డన్స్ నంబర్ (D-U-N-S, డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే కంపెనీ సంస్థలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కావాలి, సంస్థ వివరాలు ఆ రికార్డుతో సరిపోవాలి. నంబర్ రావడానికి వారాలు పట్టవచ్చు. సంస్థ చిరునామా, ఫోన్ నంబర్ స్టోర్‌లో అందరికీ కనిపిస్తాయి. పర్సనల్ అకౌంట్‌లో కూడా యాప్‌తో డబ్బు సంపాదిస్తే మీ చిరునామా కనిపిస్తుందని గుర్తుంచుకోండి.

ఇవన్నీ ఒక ఎత్తు. నా దృష్టిలో అసలు తేల్చేది ఆ 14 రోజులే. అందరూ తప్పించుకోవాలని చూసే ఆ టెస్టింగే కొత్తవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఒక ఉదాహరణ చెప్తాను. మీ ఫోన్‌లో గూగుల్ లాగిన్ చక్కగా పనిచేస్తుంది. అదే యాప్‌ను ప్లే స్టోర్ నుంచి దించుకుంటే లాగిన్ అవదు. ఎందుకంటే ప్లే యాప్ సైనింగ్ అనే పద్ధతిలో గూగుల్ మీ యాప్‌పై వేరే కీతో (యాప్ అసలుదేనని చూపే డిజిటల్ సంతకంతో) సైన్ చేస్తుంది, ఆ కీ ఫింగర్‌ప్రింట్‌ను, అంటే దాన్ని గుర్తించే కోడ్‌ను, మీరు లాగిన్ సెట్టింగుల్లో చేర్చలేదు. ఇది మీ టేబుల్ దగ్గర ఎప్పటికీ బయటపడదు. అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్న ఫోన్‌లో బటన్ తెర బయటికి పోవడం, ఆండ్రాయిడ్ 13లో అనుమతి అడగనందువల్ల నోటిఫికేషన్లు రాకపోవడం కూడా అంతే. ఇలాంటివి 12 మంది దగ్గర తేలిపోతే, స్టోర్‌లో ఒక్క స్టార్ రివ్యూలు చదువుకునే టెన్షన్ తప్పుతుంది.

అయితే డబ్బిచ్చి తెచ్చుకున్న టెస్టర్లు వద్దు. టెస్టింగ్ అయ్యాక ఎవరిని ఎలా తెచ్చారు, వాళ్లేం చెప్పారు, మీరేం మార్చారు అని గూగుల్ అడుగుతుంది. నిజంగా వాడినవాళ్లు ఉంటేనే జవాబు రాయగలరు. మధ్యలో ఒకరిద్దరు తప్పుకుంటారు కాబట్టి 12 దగ్గరే ఆగకుండా పదిహేను, ఇరవై మందిని చేర్చుకోండి.

కాబట్టి ఒంటరిగా యాప్ చేస్తున్నవాళ్లకు నేను పర్సనల్ అకౌంటే చెప్తాను. ఆర్థిక సేవలు, ఆరోగ్యం, వీపీఎన్ యాప్‌లకు మాత్రం ఈ ఎంపికే లేదు, వాటికి ఆర్గనైజేషన్ అకౌంట్ తప్పనిసరి. ఇప్పటికే నమోదైన సంస్థ ఉన్నవాళ్లూ దాని పేరుతోనే తెరవడం సబబు, కానీ టెస్టింగ్ మానకండి.

యాపిల్‌లో ఈ 12 మంది నియమం లేదు. ఫీజు ఏడాదికి 99 డాలర్లు, ఇండివిడ్యువల్ (సొంత పేరుతో తెరిచే) అకౌంట్ అయితే స్టోర్‌లో మీ సొంత పేరు కనిపిస్తుంది.

తెలిసినవాళ్ల అకౌంట్‌లో యాప్ పెట్టించడం అసలు వద్దు. వాళ్ల అకౌంట్ మూతపడితే మీ యాప్ కూడా పోతుంది.