గంటస్తంభం పక్క సందులోని మిషన్ సామాన్ల కొట్టు, దాని మేడమీది కుట్టు బల్ల

విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు నడిచేవారికి బట్టల దుకాణాలు, ఫ్యాన్సీ కొట్లు, మ్యాచింగ్ సెంటర్లు దారి పొడవునా కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి, పక్క సందులో ఉన్న ఒక పాత మిషన్ సామాన్ల కొట్టు గురించి పనిగట్టుకుని రాయడమెందుకని ఎవరైనా అడగవచ్చు. అక్కడ దొరికే సూదులు, బాబిన్లు, తోలు బెల్టులు, దారపు రీళ్లు ఊళ్లో మరికొన్ని చోట్లా దొరుకుతాయి. ధరల్లో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా ఆ కొట్టువారు మనుషులతో మెలిగే తీరులోనూ, శనివారం మధ్యాహ్నాలు సరదాకు కుట్టుకునేవారి కోసం మేడమీద వేసే పెద్ద బల్ల దగ్గరా ఉంది. పేరు రాయవద్దని యజమాని కోరారు కనుక రాయడం లేదు. గుమ్మం ముందు తుప్పు పట్టిన మిషన్ స్టాండు మీద తులసికుండీ పెట్టిన కొట్టు ఆ సందులో అదొక్కటే.

కుట్టుపని సరదాగా చేసేవారిలో ఉన్నంత మిడిసిపాటు, దానిమీదే బతికే దర్జీలలో కనిపించదని నా అభిప్రాయం. దర్జీకి కొలబద్ద ఎదురుగానే ఉంటుంది: జాకెట్టు ఒంటికి పట్టిందా, చెప్పిన రోజుకు ఇచ్చాడా, కుట్టుకూలి వచ్చిందా అన్నదే అతని లెక్క. సరదాకు కుట్టేవారికి అలాంటి లెక్క లేకపోవడం వల్ల, ఎవరి మిషన్ ఏ కంపెనీది, ఎవరి గుడ్డ మీటరు ఎంత, ఎవరు చేత్తో కుట్టారు, ఎవరు మిషన్ మీద లాగించారు, ఎవరి ముక్కల మూలలు సరిగ్గా కలిశాయి అన్న వాటితో ఒకరినొకరు తూచుకోవడం మొదలవుతుంది. పాత చీరలు మడత వేసి బొంత కుట్టి తెచ్చినావిడ ముందు, విదేశాల నుంచి తెప్పించిన అచ్చు నూలుగుడ్డతో అతుకుల దుప్పటి కుట్టినావిడ "బాగానే ఉందండీ, ఇంట్లో వాడుకోవడానికి" అనే మాట నేను వేరే చోట్ల విన్నాను. ఆ "ఇంట్లో వాడుకోవడానికి" అన్న మాటలోని ఎత్తిపొడుపు ఎంత సన్ననిదైనా, విన్నావిడ మరుసటి వారం మళ్లీ రాలేదు.

ఈ కొట్టులో యజమానిని అందరూ మాస్టారు అని పిలుస్తారు. ఆయన చాలాకాలం మగవారి బట్టలు కుట్టి, కంటిచూపు తగ్గాక సామాన్ల అమ్మకంలోకి దిగారు. ఎవరు ఏది అడిగినా ఆయన ముందు వేసే ప్రశ్న ఒక్కటే: "ఏటి కుడతన్నావమ్మా, ఎవులికోసం?" ఆ ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి సూది నంబరు, దారం రకం చెబుతారే తప్ప, మిషన్ ఎంతపెట్టి కొన్నారన్నది ఆయన అడగగా నేను వినలేదు. పలచని వాయిలు గుడ్డకు పదకొండో నంబరు, మామూలు నూలుకు పద్నాలుగు, నాలుగైదు పొరల బొంతకు పదహారు అని చెప్పి, మీ మిషన్‌కు, బిగించే పైభాగం ఒకవైపు చదునుగా ఉండే చదును కాడ సూది పడుతుందో గుండ్రటి కాడ సూది పడుతుందో చూసుకోవడానికి పాత సూదిని తెమ్మంటారు. ఇంటి మిషన్లకు ఎక్కువగా చదును కాడ సూదులూ, కార్ఖానా మిషన్లకు గుండ్రటి కాడ సూదులూ వాడతారని తెలియక, తప్పు సూది బిగించి మిషన్‌ను తిట్టుకునేవారు ఎందరో ఉన్నారు.

ఒకసారి నా ముందే, అంగన్‌వాడీలో పనిచేసే ఒకావిడ పాత నల్ల తొక్కుడు మిషన్ తలను ఆటోలో వేసుకుని తీసుకువచ్చారు. కుట్టు పైన బాగానే పడుతోంది గానీ కింద దారం ఉండలు కడుతోంది. అంతకుముందు ఒక పెద్ద ఊరిలోని షోరూమువారు ఆ మిషన్‌కు ఆయుష్షు తీరిందనీ, పాతదాన్ని మార్చి మోటారుది తీసుకోమనీ చెప్పి పంపారట. మాస్టారు గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదాన్ని పైకెత్తి, పైదారాన్ని మొత్తం లాగేసి మళ్లీ ఎక్కించారు. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే దారాన్ని బిగపట్టే టెన్షన్ బిళ్లలు రెండూ బిగుసుకుని ఉండి దారం వాటి మధ్యకు దిగదు, అప్పుడు పైదారానికి పట్టు లేక కింద ఉండలు కడుతుంది. కింద కనిపించే ఈ తప్పు చాలాసార్లు పైదారానిదే. ఆయన ఈ మాటను ఆవిడకు తెలియనందుకు వెక్కిరింపుగా కాక, తనకూ ఎవరో నేర్పిన సంగతిలాగా చెప్పి, ఆవిడ చేతనే మళ్లీ రెండుసార్లు ఎక్కించి చూపించమన్నారు. అమ్మింది ఒక సూదీ, నూనె సీసా మాత్రమే. వ్యాపారం తెలిసినవారు దీన్ని చేతకానితనమంటారేమో గానీ, ఆవిడ ఆ తరువాత తమ వీధిలోని వారందరినీ ఇక్కడికే పంపిస్తున్నారు.

ఇక మేడమీది బల్ల సంగతి. దీన్ని నడిపేది మాస్టారి భార్య. చీపురుపల్లి వైపు పల్లెలో పుట్టి, చిన్నతనం నుంచి పాత నూలుచీరల బొంతలు కుట్టిన మనిషి. వయసుతో పనిలేకుండా వచ్చినవాళ్లందరూ ఆమెను అప్ప అనే పిలుస్తారు. డిగ్రీ చదివే అమ్మాయిలు, రిటైరైన టీచరమ్మలు, మనవడికి పొత్తిళ్లు కుట్టుకునే అమ్మమ్మలు, రైల్వేలో పనిచేసి దిగిపోయిన ఒక పెద్దాయన ఆ బల్ల చుట్టూ కూర్చుంటారు. రుసుము నామమాత్రం, అదీ టీ ఖర్చుకు. కత్తెర, టేపు, సుద్ద మనవే తెచ్చుకోవాలి.

అక్కడ చూసిన ఒక పాఠాన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్న మర్యాద అందులోనే ఉంది. ఒక కాలేజీ అమ్మాయి చదరపు ముక్కలతో దిండు గలేబు పైభాగం కుట్టి తెచ్చింది. నాలుగు ముక్కలు కలిసే మూలల్లో ఏ ఒక్కటీ కలవలేదు, వరుసకు వరుస పక్కకు జరిగిపోయింది. పక్కనున్న సీనియరు ఒకావిడ దాన్ని చేతిలోకి తీసుకుని, పెదవి విరవబోతున్నట్టు నాకు తోచింది. అప్ప ఆ గలేబును మెల్లగా తన వైపు లాక్కుని, మంచిదనీ చెడ్డదనీ అనకుండా తిరగేసి వెనకవైపు చూశారు. "సూడమ్మా, మడతలన్నీ ఒకేపు తిప్పేసినావు. ఈ వరస ఇటేపు, ఆ వరస అటేపు ఇస్త్రీ సేత్తే రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని కూకుంటాయి" అన్నారు. కుట్టు దగ్గర వదిలిన గుడ్డ మడతలను ఒక వరుసలో కుడికీ, దాని కింది వరుసలో ఎడమకూ తిప్పి ఇస్త్రీ చేస్తే, రెండు వరుసలను కలిపేటప్పుడు ఆ మడతల అంచులు వేలికి తగిలి ఆగుతాయి, గుండుసూది లేకుండా కూడా మూల తప్పదు. తరువాత ఆమె మందుల కొట్లో దొరికే అంటుకునే పట్టీ ఒక ముక్క తీసి, సూది నుంచి సరిగ్గా పావు అంగుళం దూరంలో మిషన్ పలక మీద అతికింపజేసి, గుడ్డ అంచును దాని వెంబడే నడిపించమన్నారు. ముక్కల పనిలో ప్రతి కుట్టూ అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగినా, పది ముక్కలు కలిసేసరికి దుప్పటి అంగుళం పైనే కురచవుతుంది. అంతకుముందు పెదవి విరవబోయిన ఆ సీనియరుకే పట్టీ అతికించే పని అప్పజెప్పడం నాకు నచ్చింది, ఆవిడ కూడా ఆ తరువాత అరగంటసేపు ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నారు.

దీన్నిబట్టి అక్కడ ప్రతి పనినీ పొగుడుతారని అనుకోకూడదు. అన్నీ బాగున్నాయనడం కూడా ఒక రకం నిర్లక్ష్యమే. ఉతకని కొత్త ఎర్రగుడ్డను వెలిసిన తెల్లచీర పక్కన కలిపి కుట్టబోతున్న ఒకావిడను అప్ప కత్తెర పడకముందే ఆపి, తడి చేతిరుమాలుతో ఆ ఎర్రగుడ్డను రుద్ది, రుమాలుకు అంటిన రంగు చూపించారు. చెప్పిన మాట కటువుగానే ఉంది, కానీ చెప్పింది సమయానికి. కుట్టడం పూర్తయ్యాక, నలుగురి ముందు, దిద్దుకోవడానికి వీల్లేనప్పుడు చెప్పే తప్పు ఎవరికీ ఉపయోగపడదని ఆమెకు తెలుసు.

గుడ్డ విషయంలో చులకన చూపడం ఈ సరదాలో అన్నిటికంటే పాత జాడ్యం. ఆ బల్ల దగ్గర ఒక రోజు పక్కపక్కనే రెండు మూటలు విప్పారు. ఒకదానిలో పొందూరు ఖద్దరు ధోవతుల ముక్కలున్నాయి, చనిపోయిన తాతగారివట. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో సన్ననూలు వడికి నేస్తారన్న సంగతి మన జిల్లాల్లో తెలియనివారుండరు కాబట్టి, ఆ మూట చుట్టూ వెంటనే గుంపు చేరింది. రెండో మూటలో పాలియెస్టర్ చీరలు, అవి తల్లివి. వాటి దగ్గర ఎవరూ ఆగలేదు. అప్ప మాత్రం రెండింటికీ ఒకే తీరుగా సలహా చెప్పారు: ఖద్దరు సన్నని నేత కావడం వల్ల అంచు పోగులు ఊడుతుంది, పావు అంగుళం చాలదు, అర అంగుళం వదిలి సన్నసూదితో కుట్టాలి. పాలియెస్టర్ జారుతుంది కనుక గుండుసూదులు దగ్గరదగ్గరగా పెట్టాలి, ఇస్త్రీపెట్టె వేడి తగ్గించాలి, వెనకవైపు నూలుచీర వేస్తే వేసవిలో ఒంటికి ఉక్క పోయదు. తల్లి కట్టిన చీర ఏ గుడ్డదన్నది కుట్టేవారు ఎంచుకున్న విషయం కాదు కదా.

ఇంతవరకు మెచ్చుకున్నాను కాబట్టి, మెచ్చలేని సంగతి కూడా రాయాలి. చేతికుట్టు వారు మిషన్ కుట్టువారిని ఎకసెక్కం చేసినప్పుడు మాత్రం ఈ బల్ల దగ్గర ఎవరూ అడ్డుచెప్పరు. అప్ప తానే చేతికుట్టు మనిషి కావడంతో, "మిషన్ మీద దడదడ లాగేస్తే అది బొంతేటి" అన్న మాటకు నవ్వి ఊరుకుంటారు. డబ్బున్నవారి డాబును నిలదీసినంత తేలికగా, పేదరికంలో పుట్టిన పనితనపు దర్పాన్ని మనం నిలదీయలేం, కానీ కీళ్లనొప్పులతో సూది పట్టలేని మనిషికి ఆ మాట తగిలే తగలడంలో తేడా ఉండదు. ఆ రోజు మాట తప్పించింది డిగ్రీ అమ్మాయే. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే మారుమూల పల్లెలో నల్లజాతి స్త్రీలు, పొలం పనిలో అరిగిపోయిన ప్యాంట్లతో, చొక్కాలతో కుట్టిన బొంతలను ఫోనులో చూపించింది. వాటిని 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో ప్రదర్శించారు, 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా బిళ్లలు వచ్చాయి. ఆ గళ్లలో చాలావరకు సూటిగా లేవు, మూలలు కలవలేదు. రైల్వే పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, ఇది మా అమ్మ కుట్టినట్టే ఉందని అన్నారు. ఫోను బల్ల చుట్టూ తిరిగి వచ్చేసరికి చేతికుట్టు, మిషన్ కుట్టు గొడవ ఎవరికీ గుర్తులేదు. బెంగాలు కాంథా, బీహారు సుజనీ, కన్నడనాట కౌది, మన బొంత అన్నీ పారేయడానికి మనసొప్పని పాతబట్టలోంచే వచ్చాయి కనుక, ఎవరి కుట్టు గొప్పదన్న తగవు ఈ పనిలో మరీ విడ్డూరంగా ఉంటుంది.

సరుకు సంగతి క్లుప్తంగా చెబుతాను. దారాల్లో రంగులు చాలా ఉన్నాయి, పాత మిషన్ల విడిభాగాలు ఊళ్లో ఇంకెక్కడా ఇంతగా దొరకవు. కటింగు ముక్కలు తూకం లెక్కన అమ్ముతారు, ఏరుకోవడానికి అడ్డు చెప్పరు. అయితే రెండు గుడ్డల నడుమ పరిచే పొరలో నూలుది ఉండదు, మందపాటి పాలియెస్టర్ రకమే ఉంటుంది, మన వాతావరణానికి అది నప్పదు. అందుకు బదులు ఒక పాత నూలు దుప్పటి వేసుకోవడమే మేలు. కత్తిరించిన గుడ్డ వాపసు తీసుకోరు, అది న్యాయమే. దసరా ముందు జాకెట్ల రద్దీ వల్ల మాస్టారికి తీరిక ఉండదు. దసరా తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే రోజున, ఆ చుట్టుపక్కల సందుల్లోకి మిషన్ తల మోసుకుని వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి చేతికుట్టు ఎకసెక్కానికి కాదు, మెట్లకు. మేడకు వెళ్లే మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి, ఒకవైపు పట్టుకోవడానికి తాడు తప్ప ఏమీ లేదు. బొంత కుట్టడం బాగా వచ్చిన పెద్దవాళ్లలో చాలామందికి మోకాళ్ల నొప్పులుంటాయి, వారిలో కొందరు కింద కొట్టులోనే కూర్చుని తమ ముక్కలను పిల్లల చేత పైకి పంపించడం నేను చూశాను. శనివారం మధ్యాహ్నం బేరాలు ఎలాగూ తక్కువే కనుక, కొట్టు ముందుభాగంలోని గాజు బీరువాను పక్కకు జరిపి బల్లను కిందే వేయమని మాస్టారికి చెప్పాను. బీరువా కాళ్లు చెదలు తిన్నాయనీ, జరిపితే విరుగుతాయనీ అన్నారు. వడ్రంగిని మాట్లాడితే ఖర్చు తలా కొంచెం వేసుకుంటామని బల్ల దగ్గరివాళ్లు ఒప్పుకున్నారు. వెళ్లదలచుకున్నవారు శనివారం భోజనాలయ్యాక, మూడు గంటల లోపు వెళితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.