నేలవేము పనిలో నాలుగేళ్ల సాక్స్‌లెట్

మహబూబ్‌నగర్‌లో మా కళాశాల ప్రయోగశాలకు వచ్చిన అర లీటరు సాక్స్‌లెట్ పరికరాన్ని (మరిగే ద్రావణితో పదేపదే కడిగి పొడిలోని పదార్థాలను లాగే గాజు సామాను) నాలుగేళ్లుగా నేనే వాడుతున్నాను. పాలలోని కొవ్వును కొలవడానికి 1879లో ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ రూపొందించిన ఈ గాజు సామాను మా దగ్గర ఎక్కువగా నేలవేము ఆకులోని ఆండ్రోగ్రాఫోలైడ్ అనే చేదు సమ్మేళనం కోసమే మరిగింది.

నీడన ఆరబెట్టిన ఆకును రవ్వలా దంచి థింబుల్‌లో (ద్రవాన్ని వడకట్టే చిన్న గొట్టంలాంటి సంచిలో) నింపి, ముందు హెక్సేన్ అనే ద్రావణితో మైనాన్నీ కొంత పత్రహరితాన్నీ తీసేసి, తరువాత మెథనాల్ పోస్తాము. 64.7 డిగ్రీల వద్ద మరిగే మెథనాల్ ఆవిరి పైన చల్లబడి పొడిమీద పడుతుంది. పొడి ఉన్న మధ్య గది నిండగానే పక్కనున్న వంపు గొట్టం, అంటే సైఫన్ గొట్టం, గుటుక్కున అంతా కిందికి లాగేస్తుంది. మొదట ముదురాకుపచ్చగా దిగిన ద్రవం పదిహేనో తడవకు దాదాపు రంగులేకుండా దిగుతుంది. దగ్గర నిలబడి చేయవలసిన పని పెద్దగా లేకపోవడం దీని గొప్ప సుగుణం.

ఇబ్బందంతా కండెన్సర్‌లో, అంటే ఆవిరిని చల్లబరిచే పై గొట్టంలో, తిరిగే నీళ్లతోనే. మా బోరు నీళ్లకు రెండో ఏడాదికే గాజు లోపల తెల్లని పెచ్చు కట్టింది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే గాని పోలేదు. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు నీళ్లే కాగుతుంటే మెథనాల్ వాసన గదంతా నిండేది. చివరకు కూలర్ మోటారును మంచుగడ్డలు వేసిన బకెట్‌లో దించి, అవే నీళ్లను తిప్పి వాడుతున్నాము.

అయితే ఇది ఇచ్చేది సారమే, సమ్మేళనం కాదు. సారాన్ని సిలికా జెల్ పొడి నింపిన గొట్టం (కాలమ్) గుండా నడిపి, 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద టీఎల్‌సీ పలకపై (పదార్థాలను మచ్చలుగా విడదీసి చూపే పలుచని పూత పలక) నల్లమచ్చ ఒక్కటే మిగిలేదాకా వేరుచేసి, మెథనాల్‌లో స్ఫటికాలు కట్టించాకే గుర్తింపు మొదలవుతుంది. కెడ్డే అనే రంగు పరీక్షలో ఊదారంగు వస్తే ఆండ్రోగ్రాఫోలైడ్‌లో ఉండే లాక్టోన్ వలయం (ఆక్సిజన్ కలిసిన వలయం) ఉందనుకోవచ్చు. దాని అణువులోని 20 కార్బన్లను లెక్కబెట్టడానికి ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువు నిర్మాణాన్ని వర్ణపటంగా చూపే పరీక్ష) కావాలి. మేము బయటికి పంపిన మొదటి నమూనా వర్ణపటంలో కొలమానంపై సున్నా పీపీఎం పక్కన అక్కర్లేని శిఖరం ఒకటి కనబడింది. అది సాక్స్‌లెట్ కీళ్లకు నేను ధారాళంగా పూసిన సిలికోన్ గ్రీజు! అప్పటినుంచి టెఫ్లాన్ తొడుగులే వాడుతున్నాను.

వేడికి చెడే పదార్థాలకు దీన్ని సిఫారసు చేయను. వాటికి గది ఉష్ణోగ్రతలో నానబెట్టడమే మేలు. కొనేవారు మధ్య గదిని ఒకటి అదనంగా తీసుకోవాలి, ఎందుకంటే ఆ సన్నని సైఫన్ గొట్టం మాకు రెండుసార్లు కడిగేటప్పుడే విరిగింది.