గ్యాస్ నెగడుతో మూడు చలికాలాలు

మా పెరట్లో పెట్టిన గ్యాస్ నెగడుని (ఇక్కడ ఫైర్ పిట్ అంటారు) మా అమ్మ మొదటిసారి చూసినప్పుడు అన్న మాట: "పిడక వెయ్యకూడదు, మొక్కజొన్న పొత్తు కాల్చకూడదు, ఇదేం మంటరా?" మూడు చలికాలాలు వాడాక ఆ మాటలో సగం నిజమేనని ఒప్పుకుంటాను. రెండో సగం చెబుదామనే ఇది రాస్తున్నా.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. 2022 అక్టోబరులో కొన్నాం. బల్లలా ఉండే రకం. పైభాగం 28 అంగుళాల చదరం, మధ్యలో బర్నర్, కింద తలుపు తీస్తే గ్యాస్ ట్యాంక్ పెట్టుకునే అర. గంటకి 50,000 బీటీయూ (బీటీయూ అంటే వేడిని కొలిచే లెక్క). బల్ల 260 డాలర్లు. కవరు, గాలికి అడ్డంగా పెట్టే అద్దాలు, లావా రాళ్ళు కలిపి 350 దగ్గర తేలింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికేవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

నిజానికి నాకు కట్టెల మంటే కావాలి. చిన్నప్పుడు తెనాలి పక్కన మా ఊళ్ళో కళ్ళం దగ్గర నెగడు వేసేవాళ్ళు. పొగ ఎటు తిరిగితే జనం దాని ఎదురు వైపుకి జరుగుతూ రాత్రంతా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఇక్కడ మా పెరడు చెక్క కంచెల మధ్య అగ్గిపెట్టెంత. పొగ నేరుగా పక్కింటి పడగ్గది కిటికీలోకే పోతుంది. దానికితోడు వానలు సరిగ్గా లేని రోజుల్లో కౌంటీ వాళ్ళు బయట మంటలు వెయ్యకూడదని నిషేధం పెడుతుంటారు. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) కట్టెలకి వద్దంది, గ్యాస్‌కి సరేనంది. వాదించే ఓపిక లేక నేనూ సరేనన్నాను.

ఆ తర్వాత ఇంటి గ్యాస్ లైనా, ప్రొపేన్ ట్యాంకా అన్న మీమాంస. లైన్ వేయిస్తే ట్యాంక్ మోసే పని ఉండదు. కానీ గోడ దగ్గర్నుంచి పెరడు మధ్యదాకా కందకం తవ్వి పైపు వేసి, పర్మిట్ తీసుకోవడానికి ప్లంబర్ 1,800 డాలర్లు అడిగాడు. 260 డాలర్ల బల్లకి 1,800 డాలర్ల పైపా! అక్కడితో ఆ ఆలోచన మానేశాం. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ప్రొపేన్ బల్లని గొట్టం మార్చి ఇంటి గ్యాస్‌కి తగిలించేస్తే కుదరదు. ఘనపు అడుగు ప్రొపేన్‌లో సుమారు 2,500 బీటీయూల వేడి ఉంటే ఇంటి లైన్లో వచ్చే సహజ వాయువులో వెయ్యి చిల్లరే. పీడనాలూ వేరు. అందుకే గ్యాస్ బయటికొచ్చే ఆ చిన్న రంధ్రం దేనికదే వేరుగా ఉంటుంది. మార్చుకునే కిట్ ఇస్తారా లేదా అన్నది కొనే ముందే చూసుకోవాలి.

బిగించడానికి గంటన్నర అని రాశారు, నాకు మూడు గంటలు పట్టింది. అందులో అరగంట ఒక కాలు తిరగేసి బిగించి మళ్ళీ విప్పడానికి. అది నా ఘనతే.

అసలు కథ సబ్బు నీళ్ళ దగ్గర మొదలైంది. గిన్నెలు తోమే లిక్విడ్‌ని నీళ్ళలో కలిపి, బ్రష్‌తో ప్రతి జాయింటుకీ రాసి, బర్నర్ నాబ్ ఆపి ఉంచి ట్యాంక్ తెరిచి చూడమని పుస్తకంలో ఉంది. మా ఆవిడ టార్చ్ పట్టుకుంది. ట్యాంక్ దగ్గర ఏమీ లేదు, రెగ్యులేటర్ దగ్గర ఏమీ లేదు. గొట్టం వాల్వ్‌లోకి దూరే చోట మాత్రం ఆవగింజంత బుడగ లేచింది. చూస్తుండగా శనగగింజంత అయింది, పగిలింది, అక్కడే ఇంకోటి లేచింది. వాసన మాత్రం బొత్తిగా లేదు. "ఏవండీ, ముందు ఆ ట్యాంక్ కట్టెయ్యండి" అంది తను. స్పానర్‌తో ఇంకో పావు తిప్పు బిగించినా బుడగ ఆగలేదు. కంపెనీకి వీడియో పంపితే తొమ్మిది రోజులకి కొత్త గొట్టం వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ కొత్త బల్ల మీద పూలకుండీ పెట్టుకున్నాం. ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, కింద నేలమట్టంలో పేరుకుంటుంది. ఆ అరకి అడుగున సందులుండేది అందుకే. అందంగా లేవని వాటిని మూసేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి.

కొత్త గొట్టంతో తొలి రాత్రి వెలిగిస్తే దీపారాధన కుందిలో ఒత్తంత మంట వచ్చింది. మోసపోయాం అనుకున్నా. తప్పు నాదేనని తర్వాత తెలిసింది. బర్నర్ నాబ్ ఆన్‌లో ఉండగానే ట్యాంక్ వాల్వ్‌ని గిర్రున తిప్పేశాను. అలా తిప్పితే గొట్టం ఎక్కడో తెగిందేమో అనుకుని, ట్యాంక్‌కి తగిలించే భాగంలో ఉండే భద్రతా ఏర్పాటు గ్యాస్‌ని పిసరంతే వదులుతుంది. అన్నీ కట్టేసి, రెగ్యులేటర్ విప్పి, ఒక నిమిషం ఆగి మళ్ళీ తగిలించి, ట్యాంక్‌ని నిదానంగా తెరిస్తే సరిపోయింది. మంట తక్కువగా ఉందని వీటిని వాపసు పంపేవాళ్ళలో కొంతమందిదైనా నా కథే అయ్యుంటుంది.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తలనొప్పి. ఇంటికీ కంచెకీ పది అడుగుల దూరంలో పెట్టాలి, పైన కప్పు ఉండకూడదు అని మా పుస్తకంలో రాసి ఉంది. కప్పు కింద కుర్చీలన్నీ సర్దుకున్నాక ఆ ముక్క చదివాను. చివరికి పచ్చిక మధ్యలో సిమెంట్ పలకలు పరిచి అక్కడికి మార్చాం. మంచిదే అయింది, కూర్చుంటే నెత్తిన ఆకాశం కనబడుతుంది. కాకపోతే ఉత్తరం గాలి తిన్నగా తగులుతుంది. గాలి అద్దాలు అలంకారం అనుకున్నా గానీ, అవి లేకపోతే ఇక్కడి గాలికి మంట పడుకుంటుంది. మంట ఉందో లేదో కనిపెట్టే సెన్సార్ చల్లబడగానే గ్యాస్ దానంతటదే ఆగిపోతుంది. మళ్ళీ వంగి, నాబ్ నొక్కి పట్టుకుని పదిహేను అంకెలు లెక్కపెట్టాలి.

ఇక ఖర్చు. ఇండియాలో ఇంటి సిలిండర్ 14.2 కిలోలు, నెలా నెలన్నర వంట చేసుకుంటాం. ఇక్కడి మామూలు ట్యాంక్ 20 పౌండ్లు, అంటే తొమ్మిది కిలోలు. పౌండు ప్రొపేన్‌లో సుమారు 21,500 బీటీయూలు. నిండు ట్యాంక్‌ని పూర్తి మంట మీద పెడితే ఎనిమిదిన్నర గంటలకి ఖాళీ. ఇందులో ఒక మెలిక ఉంది. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకునే చోట చాలాసార్లు 15 పౌండ్లే నింపి ఇస్తారు. చీటీ మీద రాసే ఉంటుంది, మనమే చదవం. అది ఆరున్నర గంటలు కూడా రాదు. అందుకని ట్యాంక్‌ని తీసుకెళ్ళి కళ్ళెదుట నింపించుకోవడం మొదలుపెట్టాను. మా దగ్గర అదే చవక, పైగా అడుగున మిగిలిన గ్యాస్ మనకే ఉంటుంది. ఎంత మిగిలిందో చూడటానికి మీటర్లూ గీటర్లూ అక్కర్లేదు. ట్యాంక్ మెడ పట్టీ మీద టీడబ్ల్యూ అని కొట్టి ఉండే అంకె ఖాళీ బరువు, మాది 17 పౌండ్లు. బాత్రూమ్‌లో మనం బరువు చూసుకునే మిషన్ మీద నిలబెట్టి, వచ్చిన దాంట్లోంచి ఆ 17 తీసేస్తే చాలు.

వేడి ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. మోకాళ్ళకీ అరచేతులకీ బ్రహ్మాండం. వీపుకి సున్నా. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ (10 సెల్సియస్) చలిలో స్వెటర్ వేసుకుని రెండు గంటలు హాయిగా కూర్చోవచ్చు. 35కి దిగితే దుప్పటి కావాలి. కట్టెల మంటకి నిప్పులుంటాయి, మంట తగ్గినా ఆ కణకణ వెచ్చదనం గంటసేపు ఉంటుంది. దీనికి అది లేదు. నాబ్ తిప్పిన కొద్దిసేపటికే అంతా చల్లారుతుంది. పిల్లలున్న ఇంట్లో అదే దీని సుగుణం కూడా. పడుకోబోయే ముందు నీళ్ళు చల్లి, బూడిద కెలికి చూడక్కర్లేదు.

2024 భోగి నాటి సంగతి చెప్పాలి. అప్పుడు అమ్మ ఇక్కడే ఉంది. ఆ వారం డాలస్‌లో గడ్డకట్టే చలి. ఆదివారం తెల్లవారుజామున అందర్నీ లేపి వెలిగిస్తే అరగంట బాగా మండి, తర్వాత మంట జానెడు నుంచి నాలుగు వేళ్ళకి దిగింది. తలుపు తీసి చూస్తే ట్యాంక్ కింది భాగం చుట్టూ తెల్లగా మంచు పట్టి ఉంది. ట్యాంక్‌లో ఉండేది ద్రవం. అది ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి లాగుతుంది. గాలే గడ్డకట్టి ఉంటే, పైగా ట్యాంక్‌లో మూడో వంతే మిగిలి ఉంటే, బర్నర్ అడిగినంత ఆవిరి పుట్టదు. ప్రొపేన్ మైనస్ 42 సెల్సియస్ దాకా ఆవిరవుతుంది కాబట్టి మంట పూర్తిగా ఆరిపోలేదు, నీరసించింది అంతే. గ్రిల్ కింద ఉన్న నిండు ట్యాంక్ తెచ్చి మార్చాను. అప్పట్నుంచి బాగా చలిరోజున సగానికి తగ్గిన ట్యాంక్ పెట్టను. మంచు కరగాలని వేడి చెయ్యడం మాత్రం కలలో కూడా వద్దు.

నేను ట్యాంకులు మోసే లోపల అమ్మ ఊరుకుంటుందా? ఇండియన్ స్టోర్‌లో ప్యాకెట్‌లో అమ్మే పిడకలు తెప్పించి పెట్టుకుంది. పాత ఇనప మూకుడులో మూడు పిడకలు, మధ్యలో కర్పూరం. సిమెంట్ పలక మీద పెట్టి వెలిగించింది. తిరిగొచ్చేసరికి 350 డాలర్ల బల్లని వదిలేసి ఇంటిల్లిపాదీ ఆ మూకుడు చుట్టూ గొంతుక్కూర్చుని ఉన్నారు. పొగ పక్కింటి వైపే పోయింది. హెచ్‌ఓఏ నుంచి ఉత్తరమేమీ రాలేదు.

పొత్తుల సంగతి కూడా ఇక్కడే. మా దాని మీద వంట వద్దని స్పష్టంగా రాశారు. అమ్మ వినకుండా ఒకటి కాల్చింది. రాసిన వెన్న కారి బర్నర్ రంధ్రాల్లో పడి, రెండు చోట్ల మంట రావడం మానేసింది. సన్నని తీగతో పొడిచి బాగుచేసుకున్నాను. పొత్తు బాగానే ఉంది, అది వేరే విషయం.

చెడిపోయినవి రెండే. మొదటిది స్పార్క్ ఇచ్చే బటన్, ఏడాదికే పోయింది. బ్యాటరీ మార్చినా బాగుపడలేదు. పొడవాటి లైటర్‌తో వెలిగిస్తున్నాం, రిపేర్ చేయించాలని కూడా అనిపించలేదు. రెండోది 2023 నవంబరులో, వేసవంతా కవరు కింద ఉన్నాక. మంట పసుప్పచ్చగా, సోమరిగా, మధ్యలో ఠప్‌మని చప్పుడు. రెగ్యులేటర్ అనుకుని పాతిక డాలర్లు పెట్టి కొత్తది కొన్నాను. అదే మంట. చివరికి బర్నర్ విప్పి, గాలీ గ్యాసూ కలిసే గొట్టంలోకి టార్చ్ వేస్తే, లోపల దూదిలా సాలెగూడు. ప్రొపేన్‌లో కలిపే ఆ ఘాటు వాసనకి సాలీళ్ళు చేరతాయంటారు. బాటిల్ కడిగే బ్రష్‌తో రెండు నిమిషాల పని. ఇప్పుడు ప్రతి దసరాకీ స్కూటర్‌కి పూజ చేసినట్టు దీనికి ఆ బ్రష్ సేవ చేస్తున్నాను.

రాళ్ళ గురించి ఒక మాట. పెరట్లో దొరికిన నున్నటి గులకరాళ్ళు వెయ్యకండి, లోపలి తేమ ఆవిరై పగిలి ఎగురుతాయి. లావా రాళ్ళే నయం. అవీ వానకి తడిసి ఉంటే చిటపటమంటాయి, పది ఇరవై నిమిషాలు సన్నమంట మీద దూరంగా కూర్చుని ఆరనివ్వాలి. రంగురంగుల గాజు ముక్కలు ఫోటోలకి బాగుంటాయి, దుమ్ము పడితే కడగడం మన వంతు.

మా పక్కింటాయన ఓసారి అడిగాడు, కరెంటు పోతే దీన్ని గరాజ్‌లో పెట్టుకోవచ్చా అని. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో రోజుల తరబడి కరెంటు లేక, టెక్సాస్‌లో జనం ఇళ్ళలోపల జనరేటర్లూ గ్రిల్లులూ పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్‌కి ప్రాణాలు పోగొట్టుకున్నారు. గరాజ్ తలుపు ఎత్తి పెట్టినా సరే, వద్దంటే వద్దన్నాను.

ఇవాళ మళ్ళీ కొనాల్సి వస్తే? ఇదే రకం కొంటాను గానీ పైపలక పెయింట్ వేసిన ఇనుము కాకుండా చూసుకుంటాను. మాదానికి అంచుల్లో తుప్పు మొదలైంది. టీ గ్లాసులు పెట్టేది అక్కడే. శుక్రవారం సాయంత్రాలు ఫోన్లు లోపల పడేసి బయటికి రావడం మా ఇంట్లో దీనివల్లే మొదలైంది. కట్టెలతో అయితే వారం మధ్యలో ఎవడు రాజేస్తాడు? అమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "ఆ స్టవ్వు బాగుందా?" అనే అడుగుతుంది.

పొద్దున ట్యాంక్ తూచాను, 24 వచ్చింది. ఏడు పౌండ్లు మిగిలాయి. సగం మంట మీద ఐదారు గంటలు, ఈ శుక్రవారానికి చాలు.